గ్రే ఇంపోర్ట్ ఫోన్లు, కెమెరాలు: వారంటీ మీద అపోహలు - వాస్తవాలు

"డబ్బాలో వారంటీ కార్డు ఉంది కదండీ, మరి ఎందుకు ఉచితంగా రిపేర్ చెయ్యరు?" రిపేర్ పనిలో ఉన్న మాకు తరచూ ఎదురయ్యే ప్రశ్న ఇది. కార్డు నిజమే, వస్తువూ నిజమే. అయితే ఆ వారంటీ ఇచ్చింది వేరే దేశంలోని కంపెనీ శాఖ.

అపోహ: గ్రే ఇంపోర్ట్ అంటే నకిలీ సరుకు.
కాదు. కంపెనీ తయారు చేసిన అసలు వస్తువే, కంపెనీ నియమించిన డీలర్ల ద్వారా కాకుండా వేరే దారిలో వస్తుంది. ఇలాంటి అమ్మకం చెల్లుతుందా అన్నది దేశాన్ని బట్టి మారుతుంది. 2012లో ఢిల్లీ హైకోర్టు శామ్‌సంగ్ కేసులో దీన్ని అనుమతించింది. కానీ, వీటికి కంపెనీ వారంటీ ఉండదని దుకాణంలో బోర్డు పెట్టాలంది.

అపోహ: బ్రాండ్ ప్రపంచమంతా ఉంది, వారంటీ కూడా అంతే.
ఎక్కువమంది నష్టపోయేది ఇక్కడే. వారంటీ అనేది షరతులతో కూడిన హామీ. ఐఫోన్ సర్వీసును అది మొదట అమ్ముడైన దేశానికే పరిమితం చేయవచ్చని ఆపిల్ తన వారంటీ పత్రంలోనే రాసుకుంది. అమెరికాలో నికాన్ అయితే, గ్రే మార్కెట్ కెమెరాలను డబ్బు ఇస్తామన్నా రిపేర్ చేయదు. పైగా ఒకే పేరున్న ఫోన్‌కు దేశాన్ని బట్టి మోడల్ నంబరు మారుతుంది. మన దగ్గరున్న మోడల్ స్థానికంగా అమ్మనిదైతే దాని లోపలి సర్క్యూట్ బోర్డు దొరకడమూ కష్టమే.

అపోహ: "షాపు వారంటీ" ఉంటే చాలు.
అది ఆ అమ్మకందారు నిలబడినంత కాలమే. రిపేర్ ఎవరు చేస్తారు, పంపే ఖర్చు ఎవరిది, భాగాలు అసలువేనా? ఇవి బిల్లు మీద రాసి ఉండాలి. యూరోపియన్ యూనియన్‌లో కొత్త వస్తువు లోపానికి కనీసం 2 ఏళ్లు అమ్మినవారే చట్టప్రకారం బాధ్యులు. అమ్మకందారు యూనియన్ బయట ఉంటే ఆ హక్కును రాబట్టుకోవడం కష్టం.

అపోహ: వారంటీ తప్ప మిగతాదంతా ఒకటే.
అమెరికాలో అమ్మే ఐఫోన్ 14కు సిమ్ ట్రే ఉండదు, ఈ-సిమ్ (ఫోన్‌లోనే అమర్చి ఉండే డిజిటల్ సిమ్) మాత్రమే. జపాన్‌లో అమ్మే ఫోన్లలో కెమెరా శబ్దం సాధారణంగా ఆపలేం. మీ నెట్‌వర్క్ వాడే బ్యాండ్లు (సిగ్నల్ వచ్చే రేడియో తరంగాల శ్రేణులు) ఫోన్‌లో లేకపోతే సిగ్నల్ టెన్షన్ రోజూ ఉంటుంది. ఛార్జర్ మీద 100-240 వోల్టులు అని ఉంటే ఫరవాలేదు. 120 వోల్టుల హెయిర్ డ్రయ్యర్‌ను 230కి పెడితే కాలిపోతుంది, దానికి ఏ వారంటీ వర్తించదు.

నా అభిప్రాయంలో, చెడిపోతే నష్టం భరించగలిగిన లెన్స్ లాంటివాటికి గ్రే ఇంపోర్ట్ సరే. రోజంతా ఆధారపడే ఫోన్‌కు వద్దంటాను. అయినా కొనాలనుకుంటే, డబ్బు కట్టకముందే సీరియల్ నంబరు అడిగి తీసుకుని కంపెనీ వెబ్‌సైట్‌లో వారంటీ ఎప్పుడు మొదలైందో చూడండి. ఈ వస్తువుకు ఇక్కడ సర్వీస్ చేస్తారా అని మీ ప్రాంతపు సర్వీస్ సెంటర్‌కు మెయిల్ పెట్టి, రాతపూర్వకంగా జవాబు వచ్చాకే నిర్ణయించుకోండి.