అపోహలు - వాస్తవాలు: రోబో గ్లోవ్ తొడిగితే పడిపోయిన చెయ్యి వస్తుందా?

"మేడమ్, ఆన్‌లైన్‌లో రోబో గ్లోవ్ వీడియో చూశాం. తెప్పిస్తే నాన్నగారి చెయ్యి వచ్చేస్తుందిగా?" స్ట్రోక్ పేషెంట్‌ను ఇంటికి తీసుకెళ్లిన వాళ్లు ఈమధ్య తరచుగా అడిగేది ఇదే. అడిగేవాళ్ల భయం నాకు తెలుసు. నా కోపమంతా ఆ వీడియోలు చేసేవాళ్ల మీదే.

అపోహ: మెషిన్ వేళ్లు ఆడిస్తే చాలు, చెయ్యి వస్తుంది.

వాస్తవం: దెబ్బ తిన్నది చెయ్యి కాదు, మెదడు. గ్లోవ్‌లో వేళ్లను తెరిచి మూసేది గాలి పంపు. కీళ్లు బిగుసుకుపోకుండా కొంత పనికొస్తుంది, కాదనను. కానీ పేషెంట్ తనంతట తాను తెరవాలని ప్రయత్నించి, అందని మేరకే మెషిన్ సాయం పట్టాలి. మెదడు నేర్చుకునేది అప్పుడే. అంతా మెషినే చేసిపెడుతుంటే ఎవరమైనా ఒళ్లు వదిలేస్తాం.

ఒక రిటైర్డ్ మాస్టారికి అమెరికా నుంచి కొడుకు గ్లోవ్ పంపాడు. అది తొడుక్కుని టీవీ ముందు కూర్చునేవారు. వేళ్ల దారి వేళ్లది, ఆయన ధ్యాస వార్తల మీద. గ్లోవ్ తీసేసి "వేళ్లు ఎత్తండి మాస్టారూ" అంటే చూపుడు వేలు కాస్త కదిలింది. ఆ కదలిక ఉందని ఇంట్లో ఎవరికీ తెలియదు! మాకు కావాల్సింది అదే. టీవీ కట్టేయించి, బల్ల మీద టవల్ ముందుకు తోయడం, గ్లాసు పట్టుకుని వదలడం మొదలుపెట్టించాం. అన్నిటికంటే కష్టమైంది, ఆయన చొక్కా గుండీలు ఆయన్నే పెట్టుకోనివ్వమని అమ్మగారిని ఒప్పించడం.

ఇళ్లల్లో వాడే గ్లోవులే కాదు, ఆసుపత్రుల్లోని ఖరీదైన రోబోల సంగతీ వినండి. బ్రిటన్‌లో 770 మందితో జరిగిన రాటుల్స్ పరిశోధన ఫలితాలు 2019లో వచ్చాయి. వారానికి మూడు రోజులు, రోజుకు 45 నిమిషాలు, 12 వారాలు రోబోతో చేయించారు. చేతి కదలిక కొలతలో కొంత లాభం కనిపించింది. కానీ చేత్తో పనులు చేసుకోవడంలో, మామూలు వైద్యం పొందినవాళ్ల కంటే వీళ్లు మెరుగని తేలలేదు. రోబో దండగని కాదు, విసుగు లేకుండా వందలసార్లు చేయిస్తుంది. ఆ కదలికను గుండీ దాకా, గ్లాసు దాకా తీసుకెళ్లే పని మాత్రం మిగిలే ఉంటుంది.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

స్మైలీ బాల్ నొక్కడం: చాలామందికి పిడికిలి ముందే బిగుసుకుని ఉంటుంది. రానిది తెరవడం. థెరపిస్టు చెప్పకుండా బాల్ ఇవ్వొద్దు.

ఆరు నెలలు దాటితే ఇక రాదు: ఎక్కువ మార్పు మొదటి మూడు నెలల్లోనే, నిజం. కానీ 2010లో వచ్చిన అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రుల పరిశోధనలో, స్ట్రోక్ వచ్చి ఏళ్లు గడిచినవాళ్లు కూడా కొద్దోగొప్పో మెరుగయ్యారు.

పావురం రక్తంతో పక్షవాతం తగ్గుతుంది: నమ్మొద్దు. దాని కోసం బీపీ మాత్రలు ఆపితే మళ్లీ స్ట్రోక్ రావచ్చు.

ఇంకా కొనాలనే ఉంటే డెమోలో ఒక్కటి అడగండి: పేషెంట్ ఏ ప్రయత్నమూ చేయకపోయినా వేళ్లను అంతే ఆడిస్తుందా? అవునంటే ఆ డబ్బు రోజూ ఇంటికొచ్చే థెరపిస్టుకి పెట్టండి, అదీ స్ట్రోక్ వచ్చిన మొదటి మూడు నెలల్లోనే.