స్వరాలు అవే, దారి వేరు

కర్ణాటక సంగీతంలో ఆరభి, దేవగాంధారి రాగాల ఆరోహణ, అవరోహణలు (స్వరాలు పైకెక్కే, కిందికి దిగే వరుసలు) ఒక్కటే. కాగితం మీద చూస్తే తేడా కనిపించదు. పాడితే మాత్రం ఇట్టే తెలిసిపోతుంది. ఆరభి పెద్దగా గమకాల (స్వరాన్ని ఊపుతూ పలికించడం) జోలికి పోకుండా చురుగ్గా సాగుతుంది. దేవగాంధారి నిదానంగా, ఊగుతూ, ఒక్కో స్వరం దగ్గర ఆగుతూ నడుస్తుంది. హిందుస్తానీలో భూపాలి, దేశ్‌కార్‌లదీ ఇదే సంగతి. ఐదు స్వరాలూ అవే, కానీ భూపాలికి గాంధారం ప్రాణం, దేశ్‌కార్‌కి ధైవతం.

ఇది భారతీయ సంగీతానికే పరిమితం కాదు. మన రాగాల్లాంటివే టర్కీ మకాములు; వాటిలో హుసేనీ, ముహయ్యెర్‌ల స్వరవరుస ఒకటే. హుసేనీ పంచమం చుట్టుపక్కల మొదలవుతుంది. ముహయ్యెర్ ఏకంగా పై షడ్జం దగ్గర మొదలై మెల్లగా కిందికి దిగుతుంది. అంటే రాగమైనా మకామైనా ఉత్త స్వరాల జాబితా కాదు. ఎక్కడ మొదలవ్వాలి, ఎక్కడ ఆగాలి, ఏ స్వరాన్ని తాకీ తాకనట్టు వదిలేయాలి అన్నదంతా అందులో భాగమే.

ఇన్ని కట్టుబాట్ల మధ్య సృజనకు చోటెక్కడ? నన్నడిగితే, సృజన పుట్టేది అక్కడే. ఇరాన్‌లో శిష్యులు రదీఫ్ అనే సంప్రదాయ స్వరరచనల భాండారాన్ని ఏళ్ల తరబడి కంఠస్థం చేస్తారు. అప్పటికప్పుడు కల్పించి వాయించడం ఆ పునాది మీదే వస్తుంది. జాజ్‌లో అమెరికన్ ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ 1959లో చేసింది కూడా హద్దులు తగ్గించడం కాదు, మార్చడం. ‘సో వాట్’ అనే రచనలో చకచకా మారిపోయే కార్డ్‌లను (కలిపి మోగించే స్వరాల గుంపులను) పక్కనపెట్టి, 32 బార్ల (తాళపు ఆవర్తాల లాంటివి) నిర్మాణంలో రెండే రెండు స్వరవరుసలు ఉంచాడు. దాంతో తోటి వాద్యకారులు మెలడీ మీద మనసు పెట్టాల్సి వచ్చింది.

ఒక సంగీతం తన అస్తిత్వాన్ని నిలుపుకోవడం దగ్గరికొస్తే వ్యవహారం కాస్త వేడెక్కుతుంది. 1932లో కైరోలో జరిగిన అరబ్ సంగీత మహాసభకు బార్తోక్, హిండెమిత్ లాంటి యూరప్ స్వరకర్తలూ వెళ్లారు. అరబ్ సంగీతంలోకి పియానోను రానివ్వాలా వద్దా అని అక్కడ గట్టి వాదనే నడిచింది. ఆధునికం కావాలన్నవాళ్లు ఒకవైపు, మన స్వరాలు ఆ మీటల్లో ఇమడవన్నవాళ్లు మరోవైపు. స్థాయిని 24 సమాన భాగాలు చేద్దామన్న ప్రతిపాదనకూ అందరూ తలూపలేదు. రాస్త్ మకాములోని మూడో స్వరం ఈనాటికీ కైరోలో కంటే ఇస్తాంబుల్‌లో కొంచెం ఎత్తుగా పలుకుతుంది. చెవి బాగా అలవాటుపడిన శ్రోత ఆ ఒక్క స్వరం విని, వాయిస్తున్నది ఏ సంప్రదాయం వాళ్లో పసిగట్టగలడు.