మలినం 5 శాతమే కదా అంటే... కార్బన్ డయాక్సైడ్ నిల్వపై అపోహలు - వాస్తవాలు

గ్యాస్ పైపుల తుప్పు చూసుకోవడం నా పని. ఫ్యాక్టరీ పొగలోంచి కార్బన్ డయాక్సైడ్‌ని వేరుచేసి, పైపుల్లో తీసుకెళ్లి భూమి లోతుల్లో దాచడం గురించే ఈ మాటలు. బొబ్బిలి, గరివిడి ఫెర్రో అల్లాయిస్ ఫర్నేసుల దగ్గర పనిచేసే మావాళ్లు తరచూ అడిగేవే ఇవి.

అపోహ: పొగగొట్టంలో పొగను అలాగే భూమిలోకి పంపేయొచ్చు.

వాస్తవం: బొగ్గు కాల్చిన పొగలో కార్బన్ డయాక్సైడ్ 12 నుంచి 15 శాతమే. మిగతాది చాలావరకు గాలిలోని నైట్రోజనే. దాన్నీ కంప్రెస్ చేస్తే కరెంటు ఖర్చు మనకి, చోటు నైట్రోజన్‌కి.

అపోహ: 95 శాతం శుద్ధి చేస్తే చాలు, మిగతా 5 శాతం ఏమున్నా ఫర్వాలేదు.

వాస్తవం: ఆ 5 శాతంలో ఏముందన్నదే అసలు ప్రశ్న. సుమారు 800 మీటర్ల లోతు దాటాక, 74 బార్ల ఒత్తిడి, 31 డిగ్రీల వేడి మించిన చోట, కార్బన్ డయాక్సైడ్ దాదాపు ద్రవమంత చిక్కబడుతుంది. నైట్రోజన్, ఆర్గాన్, హైడ్రోజన్ అలా చిక్కబడవు, దాన్నీ సరిగా చిక్కబడనివ్వవు. 5 శాతం నైట్రోజన్ ఉంటే పోయే చోటు 5 శాతం కంటే ఎక్కువే.

అయినా నాకు టెన్షన్ పెట్టేవి ఇవి కావు, పీపీఎంలలో (పది లక్షల్లో ఎన్ని వంతులు అని) కొలిచేవి. పొడి కార్బన్ డయాక్సైడ్‌తో స్టీలు పైపుకు పెద్ద భయం లేదు. నీరు చేరిందా, కార్బోనిక్ ఆమ్లం తయారు. సల్ఫర్ డయాక్సైడ్, నైట్రోజన్ డయాక్సైడ్, ఆక్సిజన్ కూడా తోడైతే సల్ఫ్యూరిక్, నైట్రిక్ ఆమ్లాలు. విడివిడిగా చూస్తే ప్రతిదీ హద్దులోనే ఉంటుంది, ల్యాబ్ రిపోర్టూ బాగుంటుంది. రెండు ఫ్యాక్టరీల గ్యాస్ ఒకే పైపులో కలిశాక మొదలవుతుంది అసలు గొడవ. నార్వేలో కార్బన్ డయాక్సైడ్‌ని సముద్రం అడుగున దాచే నార్తర్న్ లైట్స్ ప్రాజెక్టు, తాను తీసుకునే గ్యాసులో నీటికి 30 పీపీఎం, సల్ఫర్ ఆక్సైడ్లకు 10 పీపీఎం అని హద్దు పెట్టింది ఊరికే కాదు.

అపోహ: మలినం ఏదైనా చెడ్డదే.

వాస్తవం: కెనడాలోని వేబర్న్ చమురు క్షేత్రానికి 2000 నుంచి పంపిన కార్బన్ డయాక్సైడ్ గ్యాసులో హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంది. ఐస్‌లాండ్‌లో కార్బ్‌ఫిక్స్ అనే నిల్వ ప్రాజెక్టులో హైడ్రోజన్ సల్ఫైడ్‌ని కావాలనే నీళ్లలో కరిగించి బసాల్ట్ రాయిలోకి పంపుతారు. అక్కడది పైరైట్ అనే ఇనుము-గంధకం ఖనిజంగా మారిపోతుంది. నేల పైన లీకైతే మాత్రం ప్రాణాలు తీస్తుంది.

అపోహ: మన జిల్లాల కిందే దాచేయొచ్చు.

వాస్తవం: మనకిక్కడ ఎక్కువగా ఉన్నది ఖోండలైట్, చార్నొకైట్ లాంటి గట్టి రాయి. బోరు వేయించిన రైతుని అడగండి, పగులు తగిలితేనే నీళ్లు. గ్యాసుకి సన్నని రంధ్రాలున్న ఇసుకరాయి కావాలి, దానిపైన గ్యాస్ దాటలేని షేల్ (బంకమట్టి గట్టిపడిన రాయి) పొర ఉండాలి. అలాంటి పొరల కోసం గోదావరి వైపు చూడాలి. అంత దూరం పైపు వేయాల్సి వస్తే, గ్యాసుని ఆరబెట్టడం, సల్ఫర్ తీయడం బొబ్బిలిలోనే జరగాలి. అక్కడికి చేరాక చేద్దామంటే పైపు మిగలదు.