ఒళ్లో పాప భద్రంగా ఉండదు: సీట్ బెల్టు, చైల్డ్ సీటు, ఎర్ర లైటు

కారు యాక్సెసరీస్ షాపుల్లో ఒక చిన్న ఇనుప నాలుక అమ్ముతుంటారు. సీట్ బెల్టు చివర ఉండే నాలుక లాంటిదే, బెల్టు మాత్రం ఉండదు. దాన్ని బకిల్‌లో గుచ్చితే మనం బెల్టు పెట్టుకున్నామనే కారు అనుకుంటుంది, బీప్ ఆగుతుంది, డ్యాష్‌బోర్డు మీద ఎర్ర బొమ్మ ఆరిపోతుంది. 2019 జూలై 1 నుంచి కొత్త కార్లలో ముందు సీట్లు రెండింటికీ ఆ బీప్ తప్పనిసరి అయింది, దాని నోరు నొక్కడానికే ఈ సరుకు. 2023 మేలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఐదు ఆన్‌లైన్ అమ్మకాల కంపెనీలకి ఆదేశాలిచ్చి ఇలాంటివి 13 వేలకి పైగా లిస్టింగులు తీయించింది. అంతమంది కొంటున్నారంటే బెల్టు అసలు ఏం చేస్తుందో మనకి ఎవరూ సరిగ్గా చెప్పలేదని నాకు అనిపిస్తుంది. పోలీసులు చలానా రాస్తారని చెప్పారు, అంతే.

ఊరి మధ్యలో వెళ్లే వేగమే తీసుకుందాం. గంటకి 50 కిలోమీటర్లు, అంటే సెకనుకి దాదాపు 14 మీటర్లు. ఆ వేగంతో కారు వెళ్లి కల్వర్టు గోడని గుద్దితే ముందు భాగం అర మీటరుకి పైగా నలిగి, సెకనులో పదో వంతులో కారు ఆగిపోతుంది. కారు ఆగింది గానీ లోపలున్న మనిషిని ఇంకా ఏదీ ఆపలేదు, స్టీరింగో డ్యాష్‌బోర్డో అద్దమో తగిలేదాకా ఆయన ఒళ్లు అదే వేగంతో ముందుకి పోతూనే ఉంటుంది. పది మీటర్ల ఎత్తు నుంచి, అంటే మూడంతస్తుల మేడ మీంచి పడ్డ మనిషి నేలకి తగిలే వేగం కూడా ఇంతే. దెబ్బ ఎంత గట్టిగా తగులుతుందన్నది ఎంత దూరంలో ఆగాం అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. బెల్టు ఉంటే మనిషి కారుతో పాటే ఆగడం మొదలుపెడతాడు, బానెట్ నలిగే దూరం ఆయనకి కూడా కలిసొస్తుంది, బెల్టు సాగే దూరం దానికి తోడవుతుంది, అలా ఓ 70 సెంటీమీటర్లలో ఆగితే ఒంటి మీద పడేది తన బరువుకి సగటున 14 రెట్లు. బెల్టు లేకుండా డ్యాష్‌బోర్డుకి గుద్దుకుని 10 సెంటీమీటర్లలో ఆగితే దాదాపు 100 రెట్లు. మొదటిదాంట్లో ఎముక విరగొచ్చు, మనిషి మాత్రం సాధారణంగా బతుకుతాడు.

ఇప్పుడున్న మూడు బిందువుల బెల్టుని 1959లో వోల్వో కంపెనీలో నిల్స్ బోలిన్ అనే ఇంజనీరు తయారు చేశాడు. అంతకుముందు ఆయన పని యుద్ధ విమానాల్లో పైలట్‌ని బయటికి ఎగరేసే సీట్ల మీద. భుజం మీంచి ఒక పట్టీ, నడుం మీంచి ఒకటి, రెండూ తొడ పక్కన ఒకే చోట కలవడం, ఒక్క చేత్తో పెట్టుకోగలగడం ఆయన ఆలోచన. పట్టీ పడే చోట్లు కూడా కావాలని ఎంచుకున్నవే: కాలర్ ఎముక, ఛాతీ ఎముక, కటి ఎముకలు, అంటే ఒంట్లో గట్టి భాగాలు. అందుకే నడుం పట్టీ పొట్ట మీద ఉండకూడదు, తొడలకి ఆనుకుని కిందికి ఉండాలి. గర్భిణీలు బెల్టు మానేయాలన్న మాట మన ఇళ్లల్లో తరచూ వినిపిస్తుంది, అది తప్పు. నడుం పట్టీ పొట్ట కిందుగా, భుజం పట్టీ పొట్ట పక్క నుంచి రొమ్ముల మధ్యగా వచ్చేలా పెట్టుకోవాలి. భుజం పట్టీ మెడకి రాసుకుంటోందని చంక కిందికి తోసుకునేవాళ్లూ ఉంటారు. అప్పుడు ఆ బరువంతా పక్కటెముకల మీద పడుతుంది, వాటి కిందే లివరూ, ప్లీహమూ ఉంటాయి.

ఆగి ఉన్న కారులో బెల్టుని మెల్లగా లాగండి, వస్తుంది. చటుక్కున లాగండి, టక్కున బిగుసుకుంటుంది. పక్క స్తంభంలో ఉన్న రీలు లోపల పళ్లచక్రం ఒకటి ఉంటుంది, రీలు వేగంగా తిరిగితే ఒక చిన్న కొక్కెం బయటికి విసిరినట్టు వచ్చి దాంట్లో ఇరుక్కుంటుంది. చాలా రీళ్లలో ఇంకో ఏర్పాటు కూడా ఉంటుంది: ఒక చిన్న స్టీలు గుండు గుంటలో కూర్చుని ఉంటుంది, కారు గట్టిగా బ్రేకు వేసినా పల్టీ కొట్టినా అది కదిలి ఒక మీటని పైకి లేపుతుంది, ఆ మీట చక్రాన్ని ఆపేస్తుంది. కొత్త కార్లలో వీటికి తోడు ఒక చిన్న మందుగుండు కూడా ఉంటుంది. గుద్దుకున్నట్టు సెన్సరు పసిగట్టగానే అది పేలి బెల్టుని కొన్ని సెంటీమీటర్లు వెనక్కి లాగి ఒంటికి బిగిస్తుంది, దీన్నే ప్రీటెన్షనర్ అంటారు. ఆ తర్వాత ఛాతీ మీద బరువు మరీ ఎక్కువైతే రీలు మధ్యలోని ఇనుప కడ్డీ మెలి తిరుగుతూ బెల్టుని కొంచెం కొంచెంగా వదులుతుంది. ముందు బిగించి, తర్వాత కొలతగా వదలడం, ఇదంతా కనురెప్ప వేసేలోపే. అంత తెలివైన పనిముట్టుని సీటు వెనక నుంచి తిప్పి గుచ్చేసి, దాని మీద వీపు ఆనించి కూర్చునేవాళ్లని చూస్తే మనసు ఒప్పదు.

వెనక సీటు సంగతి. 2022 సెప్టెంబరు 4న మహారాష్ట్రలోని పాల్ఘర్ దగ్గర ప్రమాదంలో పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ, ఆయనతో పాటు ఇంకొకరు చనిపోయారు. ఇద్దరూ వెనకే కూర్చున్నారు, బెల్టు పెట్టుకోలేదు. ముందు కూర్చున్న ఇద్దరూ గాయాలతో బతికారు. వెనకున్న మనిషికి ముందు సీటు మెత్తగానే కనిపిస్తుంది గానీ లోపల ఉన్నది ఇనుప చట్రం. పైగా ఆ వేగంతో వచ్చిన 70 కిలోల ఒళ్లు ముందు సీటుని గుద్దితే, బెల్టు పెట్టుకున్న డ్రైవరు కూడా ఆ సీటుకీ స్టీరింగుకీ మధ్య నలిగిపోతాడు. కారు పల్టీ కొడితే బెల్టు లేని మనిషి బయటికి విసిరేయబడటం ఇంకో ముప్పు. 2018 ఆగస్టు 29న నల్గొండ జిల్లాలో నందమూరి హరికృష్ణ ప్రమాదంలో అదే జరిగిందని, ఆయన బెల్టు పెట్టుకోలేదని అప్పట్లో పోలీసులు చెప్పారు. కేంద్ర రవాణా శాఖ లెక్కల్లో 2022 ఒక్క ఏడాదిలో బెల్టు లేకుండా చనిపోయినవాళ్లు 16,715 మంది, అందులో 8,331 మంది పక్కనో వెనకో కూర్చున్న ప్రయాణికులు. క్యాబ్ ఎక్కితే వెనక బకిళ్లు సీటు కవరు కింద దాక్కుని ఉంటాయి, "అన్నా, ఒక్క నిమిషం, బకిళ్లు పైకి తీసివ్వండి" అని అడగండి. అడిగితే చాలామంది తీసిస్తారు.

నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టేది పిల్లల విషయం. "నా ఒళ్లో ఉంటే నీకేం భయంరా" అంటుంది అమ్మమ్మ, ప్రేమతోనే అంటుంది. పది కిలోల పాప, అదే 50 కిలోమీటర్ల వేగం, అదే పదో వంతు సెకను. పాపని ఆపడానికి చేతులు ఓర్చుకోవాల్సిన బరువు దాదాపు 140 కిలోలు, పాతిక కిలోల బియ్యం బస్తాలు ఐదారు ఒక్కసారిగా చేతుల్లోంచి దూకినట్టు. అంత బరువుని ఏ తల్లి చేతులూ, ఏ పహిల్వాన్ చేతులూ పట్టుకోలేవు, పైగా ముందే తెలిసి బిగబట్టే సమయం కూడా ఉండదు. పెద్దవాళ్లతో కలిపి ఒకే బెల్టు చుట్టేయడం ఇంకా ఘోరం, ఎందుకంటే అప్పుడు పెద్ద మనిషి ఒంటి బరువంతా మధ్యలో ఉన్న బిడ్డ మీదే పడుతుంది. ముందు సీట్లో ఒళ్లో కూర్చోబెడితే బిడ్డ తల సరిగ్గా ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునే చోట ఉంటుంది, ఆ బ్యాగు బయటికి వచ్చే వేగం గంటకి 200 కిలోమీటర్లు దాటుతుంది.

పసిపిల్లల ఒళ్లు పెద్దవాళ్ల ఒంటికి చిన్న నకలు కాదు. పుట్టిన బిడ్డ పొడవులో నాలుగో వంతు తలే ఉంటుంది, మెడ ఎముకల ముక్కలు ఇంకా పూర్తిగా అతుక్కోకుండా మధ్యలో మెత్తటి మృదులాస్థితో ఉంటాయి. చైల్డ్ సీటుని కారు వెళ్లే వైపు ముందుకి తిప్పి బిడ్డని కూర్చోబెడితే ఒళ్లు పట్టీల దగ్గర ఆగిపోతుంది గానీ ఆ బరువైన తల ముందుకి ఊగి మెడని లాగేస్తుంది. వెనక్కి తిప్పితే తల, మెడ, వీపు మొత్తం సీటులోకి ఒత్తుకుంటాయి, దెబ్బ వీపంతా పంచుకుంటుంది. స్వీడన్‌లో బెర్టిల్ ఆల్డ్‌మన్ 1960లలో ఈ వెనక్కి తిరిగిన సీటుని తయారు చేసినప్పుడు ఆయనకి ఆ ఆలోచన అమెరికా జెమిని వ్యోమగాముల సీట్ల నుంచి వచ్చింది. అక్కడ నాలుగేళ్ల దాకా పిల్లల్ని అలాగే కూర్చోబెట్టడం మామూలు. మనం కనీసం ఏడాదిన్నర, రెండేళ్ల దాకా, వీలైతే సీటు మీద రాసిన ఎత్తు, బరువు పరిమితి వచ్చేదాకా వెనక్కి తిప్పే ఉంచాలి. కాళ్లు ముడుచుకుపోతున్నాయని ముందుకి తిప్పేయకండి, పిల్లలకి అది ఇబ్బంది కాదు.

సీటు కొనడం సగం పనే, బిగించడం మిగతా సగం. వెనక సీటు ఆనుడుకీ కూర్చునే భాగానికీ మధ్య సందులో వేలు పెట్టి వెతికితే చాలా కార్లలో రెండు ఇనుప కడియాలు తగులుతాయి, అవే ఐసోఫిక్స్ కొక్కేలు. చైల్డ్ సీటుని వాటికి గానీ, బెల్టుతో గానీ బిగించాక, బిగించిన చోట పట్టుకుని ఊపితే రెండున్నర సెంటీమీటర్లకి మించి కదలకూడదు. బిడ్డ భుజం మీది పట్టీని రెండు వేళ్లతో గిల్లినట్టు పట్టి చూడండి, మడత దొరికితే వదులుగా ఉన్నట్టే. అమెరికాలో, ఇంగ్లండులో ఉన్న మనవాళ్లు చలికాలంలో దళసరి జాకెట్ మీదే పట్టీలు బిగిస్తారు, జాకెట్ నలిగితే ఆ బిగువంతా పోతుంది, కాబట్టి ముందు పట్టీలు బిగించి పైన కప్పాలి. అదే కుటుంబం, బిడ్డ పుట్టగానే కారు సీటు పెట్టుకునే ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకెళ్లిన కుటుంబం, సెలవులకి శంషాబాద్‌లో దిగగానే ఆ బిడ్డని ఒళ్లో కూర్చోబెట్టుకుని బెజవాడ దాకా వస్తుంది. దేశం మారినంత మాత్రాన బిడ్డ బరువు మారదు కదా. ఆ సీటుని విమానంలో తెచ్చుకోండి, చాలా విమాన సంస్థలు దానికి విడిగా డబ్బు తీసుకోవు.

చైల్డ్ సీటు వయసు దాటిన పిల్లల్ని నేరుగా పెద్దల బెల్టులో కూర్చోబెడితే నడుం పట్టీ కటి ఎముక మీద నిలవదు, ఆ ఎముక అంచు ఇంకా ఎదగలేదు గనక అది పొట్ట మీదికి జారి పేగుల్నీ వెన్నునీ దెబ్బతీస్తుంది. దాదాపు 145 సెంటీమీటర్ల ఎత్తు వచ్చేదాకా బూస్టర్ సీటు, అంటే బెల్టు సరైన చోట పడేలా బిడ్డని కొంచెం ఎత్తులో కూర్చోబెట్టే సీటు, కావాలి. ఇంట్లో దిండు వేస్తే సరిపోదు, అది నలిగి బిడ్డ బెల్టు కిందికి జారిపోతుంది. మన చట్టంలో కూడా 2019 సవరణలో వచ్చిన 194బి సెక్షన్ ప్రకారం 14 ఏళ్లలోపు పిల్లలకి బెల్టో చైల్డ్ సీటో లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా ఉంది. సన్‌రూఫ్‌లోంచి పిల్లల్ని నిలబెట్టి ఊరేగించే తల్లిదండ్రులకి ఇవన్నీ ఒకసారి చదివి వినిపించాలని ఉంటుంది.

ఇక ఎయిర్‌బ్యాగ్. అది బెల్టుకి సాయంగా పెట్టింది, బెల్టు పట్టుకున్న ఒంటిని ఆఖర్లో మెత్తగా అందుకోవడానికి. ఛాతీకీ స్టీరింగుకీ మధ్య కనీసం 25 సెంటీమీటర్లు ఉండాలి. పక్క సీటు వైపు డ్యాష్‌బోర్డు మీద, సరిగ్గా ఎయిర్‌బ్యాగ్ మూత పైన, దేవుడి విగ్రహం అతికించడం మనకి అలవాటు. భక్తికి అడ్డు చెప్పడం లేదు, స్వామిని కొంచెం మధ్యకి జరిపి, గట్టి లోహానిది కాకుండా తేలికైనది పెట్టుకోండి. బ్యాగు తెరుచుకుంటే ఆ విగ్రహం నేరుగా పక్క సీట్లోవాళ్ల ముఖం మీదికి వస్తుంది. సీటు అంచులో సైడ్ ఎయిర్‌బ్యాగ్ ఉన్న కార్లకి బయట కుట్టించిన దళసరి సీటు కవర్లు వేయించకండి.

డ్యాష్‌బోర్డు లైట్లలో చాలామంది పట్టించుకోనిది ఎయిర్‌బ్యాగ్ లైటే, కూర్చున్న మనిషి, ఎదురుగా గుండ్రటి బంతి ఉన్న బొమ్మ. ఇగ్నిషన్ ఆన్ చేయగానే అది కొన్ని సెకన్లు వెలిగి ఆరాలి. ఆరకపోతే ఆ వ్యవస్థలో ఎక్కడో లోపం ఉన్నట్టు, ఎయిర్‌బ్యాగులే కాదు, ప్రీటెన్షనర్లు కూడా పనిచేయకపోవచ్చు, రెండిటినీ నడిపే పెట్టె సాధారణంగా ఒకటే. కారు మామూలుగానే నడుస్తుంది గనక నెలల తరబడి అలాగే తిరుగుతుంటారు. ముందు సీటు కింద ఉండే కనెక్టరు క్లీనింగ్ చేసినప్పుడు వదులైనా ఇది వెలుగుతుంది, మెకానిక్‌కి చూపిస్తే చిన్న పనితో పోవచ్చు. సొంతంగా ఆ పసుపు రంగు వైర్ల జోలికి మాత్రం వెళ్లకండి.

మిగతా వాటికి రంగే దారి చూపిస్తుంది. ఎరుపైతే ఆపాలి, కాషాయమైతే త్వరగా చూపించాలి. నూనె డబ్బా బొమ్మ ఎర్రగా వెలిగితే ఆయిల్ ప్రెషర్ పడిపోయిందని అర్థం, పక్కకి తీసి వెంటనే ఇంజన్ ఆపేయాలి. థర్మామీటరు బొమ్మ ఎర్రబడితే ఇంజన్ బాగా వేడెక్కినట్టు, అప్పుడు కూడా ఆపాలి, వేడి మీద రేడియేటర్ మూత తీస్తే ముఖం కాలుతుంది. హ్యాండ్‌బ్రేకు దించాక కూడా బ్రేకు గుర్తు ఎర్రగానే ఉంటే బ్రేక్ ఆయిల్ తగ్గి ఉండొచ్చు, ఆ బండితో ముందుకి వెళ్లకండి. ఏబీఎస్ అక్షరాలు ఒక్కటే వెలిగితే మామూలు బ్రేకు పనిచేస్తుంది, చక్రాలు బిగుసుకుపోకుండా ఆపే సాయం మాత్రం ఉండదు.

సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లు తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగ్ లైటు అసలు వెలుగుతుందా లేదా చూడండి. ఒక్కసారి కూడా వెలగకపోతే పేలిపోయిన బ్యాగుని మార్చకుండా బల్బు తీసేసి ఉండొచ్చు. తర్వాత నాలుగు బెల్టుల్నీ చివరిదాకా బయటికి లాగండి. 2020లో హైదరాబాద్, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ, ఎన్నో కార్లు మునిగాయి, సీట్లూ కార్పెట్లూ కడిగి అమ్మేసినా రీలు లోపలి భాగంలో బెల్టు మీద బురద చార అలాగే ఉండిపోతుంది. అంచుల్లో దారాలు లేచినా, కుట్లు తెగి ఉన్నా, వదిలితే మెల్లగా వెనక్కి వెళ్తున్నా ఆ బెల్టు మార్చాల్సిందే. పెద్ద ప్రమాదంలో ఒకసారి పనిచేసిన బెల్టు, ఆ రోజు కారులో ఉన్న చైల్డ్ సీటు పైకి బాగానే కనిపించినా మళ్లీ వాడకూడదు, ఇన్సూరెన్స్ క్లెయిము రాసేటప్పుడే ఆ రెండిటినీ విడిగా రాయించండి.