సినిమా టాక్: గేటు దగ్గర నిలబడేవాడికి తెలిసిన అపోహలు, వాస్తవాలు

కోనసీమలోని ఒక చిన్న పట్టణంలో, ఒకే తెర ఉన్న థియేటర్‌కు నేను మేనేజరును. శుక్రవారం ఆట వదిలినప్పుడు గేటు పక్కన నిలబడి జనం మాట వినడం నా ఉద్యోగంలో భాగమే. మర్నాటికి క్యాంటీన్‌లోకి సరుకు ఎంత తెప్పించాలో కూడా ఆ మాటను బట్టే నిర్ణయిస్తాను.

అపోహ: బెనిఫిట్ షో నుంచి వచ్చిన టాకే సినిమా జాతకం.

వాస్తవం: తెల్లవారకముందే వచ్చేవారిలో హీరో అభిమానులూ, అవతలి హీరో అభిమానులూ ఎక్కువ కాబట్టి, ఇరువర్గాల అభిప్రాయమూ టిక్కెట్టు చింపకముందే సిద్ధంగా ఉంటుంది. నేను శనివారం ఫస్ట్ షోకు ఊళ్ళ నుంచి ఆటోల్లో దిగే కుటుంబాలను, ఆ తరువాత సోమవారం మ్యాట్నీని చూస్తాను. అక్కడ కూడా పంచాంగం పక్కన పెట్టుకోవాలి. సార్వా, అంటే వానాకాలపు వరి, నాట్లు పడే రోజుల్లో మ్యాట్నీ పలుచబడితే అది సినిమా తప్పు కాదు, సంక్రాంతికి కొత్త అల్లుళ్ళు దిగిన వారంలో హాలు నిండితే అది సినిమా గొప్పా కాదు. 1980లో విడుదలైన ‘శంకరాభరణం’ తొలి రోజుల్లో ఖాళీ కుర్చీల మధ్య ఆడి, చూసినవారి మాట మీదే పుంజుకుంది. అయితే నాడు అలా మాట పాకడానికి వారాల వ్యవధి ఉండేది. నేడు ఒకేసారి వందల తెరల మీద విడుదలై, కొన్ని వారాలకే ఓటీటీలోకి వెళ్ళిపోయే సినిమాకు ఆ వ్యవధి లేదు.

అపోహ: ప్రేక్షకుడు ‘బాగుంది’ అంటే బాగున్నట్టే.

వాస్తవం: గోదావరి జిల్లాల మర్యాద తెలియనివారే ఇలా అనుకుంటారు. ఎదురుగా నిలబడి అడిగినవాడి మనసు నొప్పించడం ఇక్కడివారికి ఇష్టముండదు. ‘పర్లేదండి, ఒకసారి చూడొచ్చండి’ అన్నారంటే ఆ సినిమా వారం దాటడం కష్టమని నా లెక్క. అందుకే ఎలా ఉందని అడగడం మానేసి, ‘ఇంట్లోవాళ్ళను ఎప్పుడు తీసుకొస్తారండి?’ అని అడుగుతాను. ‘రేపు ఫస్ట్ షోకి నాలుగు టిక్కెట్లు ఉంటాయాండి?’ అని ఎదురు ప్రశ్న వస్తే సరే. ‘చూద్దామండి’ అని చెప్పుల వైపు చూస్తే మర్నాటి సరుకు తగ్గిస్తాను.

అపోహ: హాల్లోంచి వచ్చినవారు చెప్పేదంతా సినిమా గురించే.

వాస్తవం: ఒకసారి మా హాల్లో వరుసగా రెండు రోజులు ‘పాటలు అదిరాయి గానీ మాటలే అర్థం కావడం లేదు, ఆ హీరోయిన్ నోట్లో నోట్లో మాట్లాడుతోంది’ అన్నారు. నేనూ ఆ అమ్మాయినే తప్పుపట్టాను. మూడో రోజు ఆపరేటర్ తెర వెనక్కి వెళ్ళి చూస్తే, మధ్య స్పీకర్ పైభాగంలో మాటకు స్పష్టతనిచ్చే హారన్ అనే భాగం పనిచేయడం లేదు. సంభాషణలు ప్రధానంగా ఆ మధ్య స్పీకర్‌లోంచే వస్తాయి, సంగీతానికి పక్క స్పీకర్లు కూడా ఉంటాయి కనుక పాటలకు లోటు తెలియలేదు. రెండు రోజుల పాటు మా పరికరం లోపాన్ని ఆ నటి మోసింది.

అపోహ: పోస్టర్ మీద వేసిన కోట్లే సినిమా లాభం.

వాస్తవం: అది గ్రాస్, అంటే టిక్కెట్ల మీద వచ్చిన మొత్తం డబ్బు. అందులోంచి పన్ను, థియేటర్ అద్దె పోగా మిగిలిన షేర్ పంపిణీదారు పెట్టుబడిని దాటితే గానీ లాభం మాట రాదు.

అపోహ: అభిప్రాయంతో పాటు ఒక చిన్న క్లిప్పు స్టేటస్‌లో పెడితే నష్టమేమీ లేదు.

వాస్తవం: సినిమా బాగోలేదని చెప్పడం మీ హక్కు, తెరను ఫోనులో రికార్డు చేయడం నేరం. 2023లో సవరించిన సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం దీనికి కనీసం మూడు నెలలు, గరిష్ఠంగా మూడేళ్ళ జైలు, మూడు లక్షల రూపాయలకు తగ్గని జరిమానా ఉన్నాయి. మా కుర్రాళ్ళు టార్చి వేసి ఫోను దించమన్నప్పుడు ‘హీరో ఎంట్రీ ఒక్కటేనండి’ అని బతిమాలేవారు వారానికి పదిమందైనా ఉంటారు.