ఇంటికి ఇస్తే ఇల్లాలికి ఇచ్చినట్టేనా? పథకాలపై అపోహలు – వాస్తవాలు

అపోహ: ఇంటికి పింఛను వస్తోందంటే ఆలుమగలిద్దరికీ వచ్చినట్టే.

వాస్తవం: ఆంధ్రప్రదేశ్ పింఛను పథకం ఎన్టీఆర్ భరోసాలో సాధారణంగా రేషన్ కార్డుకు ఒక్క పింఛనే. దివ్యాంగుల్లాంటి కొందరికే మినహాయింపు. భర్తకు ముందు 60 నిండితే నెలకు రూ.4,000 ఆయన పేరున మొదలవుతుంది. తర్వాత భార్యకు 60 నిండినా ఆమెకు రాదు. కవిటి కొబ్బరి తోటల్లో ఆయనతో సమానంగా చాకిరీ చేసిన మనిషైనా అంతే. ఆయన పోయాక స్పౌజ్ (జీవిత భాగస్వామి) కేటగిరీలో ఆమెకు మారుతుంది. మరణ ధ్రువపత్రం, ఆధార్ పట్టుకుని ఆలస్యం చేయకుండా గ్రామ/వార్డు సచివాలయానికి వెళ్లాలి. ముసలితనానికి ఇచ్చే పింఛను కోసం ఆడమనిషి వితంతువు అయ్యేదాకా ఆగాల్సి రావడం అన్యాయం. ఈ నిబంధన మారాలి.

అపోహ: కార్డులో ఇంటి పెద్ద ఆడమనిషే కాబట్టి హక్కూ ఆమెదే.

వాస్తవం: 2013 ఆహార భద్రత చట్టం 18 ఏళ్లు దాటిన ఆడవాళ్లలో పెద్దామెనే కార్డుకు పెద్దగా గుర్తిస్తుంది. మంచిదే. కానీ భర్త వదిలేసి పుట్టింటికి చేరిన కోడలి పేరు అత్తింటి కార్డులోనే ఉండిపోతుంది. ఆమె వాటా 5 కిలోల బియ్యం అక్కడి లెక్కలోకే పోతుంది. అంతకన్నా పెద్ద చిక్కు హౌస్‌హోల్డ్ మ్యాపింగ్‌తో, అంటే ఎవరు ఏ ఇంటి మనుషులో రాసుకున్న సర్కారు లెక్కతో. అత్తింట్లో కారుందనో, కరెంటు నెలకు 300 యూనిట్లు దాటిందనో ఆమె దరఖాస్తును కొట్టేస్తారు. అందుకే ఏ పథకానికైనా ముందు, తన పేరు ఏ ఇంటి మ్యాపింగ్‌లో ఉందో సచివాలయంలో చూపించమని అడగాలి. తప్పుంటే విడదీయమని అర్జీ పెట్టి రసీదు తీసుకోవాలి.

అపోహ: ఉపాధి హామీలో ఆడా మగా కూలి ఒకటే కదా!

వాస్తవం: చట్టం ప్రకారం రేటు ఒకటే. చేతికొచ్చేది మాత్రం తవ్విన మట్టి కొలతను బట్టి. గట్టి నేలలో ఒంటరి ఆడవాళ్లు, పెద్ద వయసువాళ్లు ఒక జట్టయితే ఆ వారం కూలి పడిపోతుంది. నేల గట్టిదని కొలతలప్పుడే నమోదు చేయించాలి.

అపోహ: కాన్పుకు కేంద్రం ఇచ్చే మాతృ వందన డబ్బు ప్రతి తల్లికీ వస్తుంది.

వాస్తవం: మొదటి కాన్పుకు రూ.5,000, రెండు విడతల్లో. రెండో కాన్పుకు ఆడపిల్ల పుడితేనే రూ.6,000. పలాసలో జీడిపప్పు ఒలిచే కూలీ మహిళకు పని మానితే ఆ రోజు కూలి లేదు. ఆమెకు ఇది చాలదు. పైగా ఆ డబ్బు ఆధార్‌కు చివరగా లింకైన ఖాతాలోనే పడుతుంది. పురిటికి పుట్టింటికి వెళ్లే ముందే అది ఏ బ్యాంకో చూసుకోవాలి.