ఏలియన్స్ ఉన్నారా, వచ్చారా: ఈ రెండు ప్రశ్నలకీ ముడి ఎక్కడ పడింది?

2023 జులై 26న అమెరికా కాంగ్రెస్ కమిటీ ముందు డేవిడ్ గ్రష్ అనే మాజీ ఎయిర్ ఫోర్స్ ఇంటెలిజెన్స్ ఆఫీసర్ ప్రమాణం చేసి మరీ చెప్పాడు, మనుషులు తయారు చేయని వాహనాలు గవర్నమెంట్ దగ్గర దాచిపెట్టి ఉన్నాయని, కొన్నిటితో పాటు మనిషివి కాని జీవపదార్థాలు కూడా దొరికాయని. మీరు కళ్ళారా చూశారా అంటే లేదు, చూసినవాళ్ళతో మాట్లాడాను అన్నాడు. ఇంకేముంది, "మేం ఎప్పటినుంచో మొత్తుకుంటున్నాం కదా" అనేవాళ్ళు ఒక పక్క, "మళ్ళీ మొదలెట్టార్రా బాబూ" అనేవాళ్ళు ఇంకో పక్క.

ఈ గొడవ అర్థం కావాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి. ఎక్కడో ఒకచోట తెలివైన జీవులు ఉన్నారా అన్నది ఒక ప్రశ్న, వాళ్ళు ఇక్కడికి వచ్చారా అన్నది ఇంకో ప్రశ్న. మొదటిది రెండు వేల ఏళ్ళ పైబడిన ప్రశ్న, రెండోది జనం నోళ్ళలో గట్టిగా పడింది మాత్రం 1947 తర్వాతే. ఈ రెంటినీ కలిపి ముడేసింది చాలావరకు కోల్డ్ వార్ నాటి మిలిటరీ రహస్యాలే అని నా ఉద్దేశం, ఎందుకో చెప్తా.

లోకాలు లెక్కలేనన్ని ఉన్నాయి అని గ్రీకు తత్వవేత్త ఎపిక్యూరస్ క్రీస్తుకి ముందే అన్నాడు. 1600లో రోమ్‌లో జోర్డానో బ్రూనోని సజీవంగా తగలబెట్టింది ఇతర లోకాల గురించి మాట్లాడినందుకే అని చాలామంది రాసేస్తుంటారు గానీ, ఆయన మీద మోపిన నేరాల్లో క్రీస్తు గురించి, చర్చి నమ్మకాల గురించి అన్న మాటలు బోలెడున్నాయి, ఇది అందులో ఒకటి మాత్రమే. ఆ తర్వాత రెండు శతాబ్దాలు చూస్తే చదువుకున్నవాళ్ళలో చాలామందికి గ్రహాల మీద జనం ఉండటం పెద్ద వింతేం కాదు. శని గ్రహం వలయాల గుట్టు విప్పిన హైగన్స్ ఇతర గ్రహాల్లో ఉండేవాళ్ళ గురించి ఏకంగా పుస్తకమే రాశాడు, అది ఆయన పోయాక 1698లో అచ్చయింది. యురేనస్‌ని కనిపెట్టిన విలియం హెర్షెల్ అయితే సూర్యుడిలో కూడా జీవులు ఉండొచ్చు అనుకున్నాడు. 1835 ఆగస్టులో న్యూయార్క్‌లో ఒక పేపర్, ఆయన కొడుకు జాన్ హెర్షెల్ దక్షిణాఫ్రికా నుంచి టెలిస్కోప్‌లో చూసి చంద్రుడి మీద గబ్బిలం రెక్కల మనుషుల్ని కనిపెట్టాడని వరసపెట్టి కథలు వేసింది, జనం ఎగబడి కొన్నారు, అదంతా కట్టుకథ. గమనించాల్సింది ఏంటంటే అప్పట్లో వాళ్ళు మన దగ్గరికి వస్తారన్న ఊహ పెద్దగా లేదు. వాళ్ళు అక్కడ, మనం ఇక్కడ, అంతే.

తర్వాత వంతు మార్స్‌ది. 1877లో ఇటలీ ఖగోళ శాస్త్రవేత్త స్కియాపరెల్లి మార్స్ మీద గీతలు చూశానన్నాడు. అమెరికాలో పర్సివల్ లోవెల్ అనే డబ్బున్న పెద్దమనిషి 1894లో అరిజోనాలోని ఫ్లాగ్‌స్టాఫ్‌లో సొంతంగా అబ్జర్వేటరీ కట్టించుకుని, ఎండిపోతున్న గ్రహానికి ధ్రువాల నుంచి నీళ్ళు తెచ్చుకోడానికి అక్కడివాళ్ళు తవ్వుకున్న కాలువలు ఇవి అని ఏళ్ళ తరబడి వాదించాడు. నమ్మకం ఏ రేంజ్‌లో ఉండేదంటే 1900లో ఫ్రాన్స్‌లో వేరే గ్రహంతో మాట్లాడినవాళ్ళకి లక్ష ఫ్రాంకుల బహుమతి ప్రకటించి, మార్స్‌ని మాత్రం లెక్కలోంచి తీసేశారు, అది మరీ సులువు అని! డార్విన్‌తో పాటు సహజ ఎంపిక సిద్ధాంతం చెప్పిన వాలెస్ 1907లో లెక్కలేసి, అంత చలిలో, అంత పల్చటి గాలిలో కాలువలు ఎలా పారతాయి స్వామీ అని గట్టిగానే అడిగాడు, ఎవరూ పెద్దగా చెవినపెట్టలేదు. చివరికి 1965 జులైలో మారినర్ 4 అనే అమెరికా వ్యోమనౌక మార్స్ పక్క నుంచి వెళ్తూ ఇరవై చిల్లర ఫోటోలు పంపితే వాటిలో కనిపించింది చంద్రుడి మీద ఉన్నట్టు గుంటలే. అసలు ఆ గీతల్లో చాలామటుకు కంటి భ్రమ.

మార్స్ ఆశ ఇంకా పూర్తిగా పోకముందే రెండో కథ మొదలైంది. 1896, 97ల్లో అమెరికాలో చాలాచోట్ల రాత్రిపూట దీపాలతో ఎగిరే ఎయిర్‌షిప్‌లు చూశామని జనం చెప్పారు, అప్పటికి అలాంటివి తయారు చేయాలని ప్రయత్నాలు జరుగుతున్నాయి. 1946లో స్వీడన్ మీద జనానికి కనిపించినవి రాకెట్ల లాంటివి, జర్మనీ వీ2 రాకెట్లు పేలి రెండేళ్ళు కూడా కాలేదు మరి. ఈ రోజుల్లో కనిపించేవి ఎక్కువగా డ్రోన్ల లాగా ఉంటాయి. అంటే ఏ కాలంలో ఏ మెషీన్ గురించి జనం ఆలోచిస్తుంటారో ఆకాశంలో కూడా ఇంచుమించు అదే కనిపిస్తుంది. ఇది రుజువేం కాదు గానీ నన్ను మాత్రం చాలా ఆలోచనలో పడేసింది.

1947 జూన్ 24న కెన్నెత్ ఆర్నాల్డ్ అనే ప్రైవేట్ పైలట్ వాషింగ్టన్ రాష్ట్రంలో మౌంట్ రెయినియర్ దగ్గర తొమ్మిది వస్తువులు విపరీతమైన స్పీడ్‌లో పోవడం చూశానన్నాడు. నీళ్ళ మీద సాసర్ విసిరితే ఎలా ఎగిరెగిరి పోతుందో అలా పోయాయి అని తను వర్ణించింది వాటి కదలికని అని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు, పేపర్లు మాత్రం ఫ్లయింగ్ సాసర్స్ అని హెడ్డింగ్ పెట్టేశాయి, ఇక అక్కడి నుంచి జనానికి గుండ్రటి పళ్ళాలే కనిపించడం మొదలైంది. రెండు వారాలకి, జులై 8న, న్యూ మెక్సికోలో రోస్‌వెల్ మిలిటరీ ఎయిర్ ఫీల్డ్ వాళ్ళు ఒక ఫ్లయింగ్ డిస్క్ మా చేతికి దొరికింది అని స్వయంగా ప్రెస్ రిలీజ్ ఇచ్చారు, గంటల్లోనే పై ఆఫీసర్లు కాదు కాదు వెదర్ బెలూన్ అని మార్చేశారు.

ఇక్కడ కాసేపు ఆగాలి, ఎందుకంటే ముడి పడింది ఇక్కడే. వెదర్ బెలూన్ అన్నది సగం నిజం. అక్కడ పడింది ప్రాజెక్ట్ మోగుల్ అనే టాప్ సీక్రెట్ పనిలో వాడిన బెలూన్ల వరస అని 1994లో ఎయిర్ ఫోర్స్ బయటపెట్టింది, సోవియట్ వాళ్ళు అణుబాంబు పరీక్ష చేస్తే ఆ శబ్దతరంగాల్ని ఎత్తులో పట్టుకోవాలని మైక్రోఫోన్లు కట్టి వదిలిన బెలూన్లు అవి. అంటే ప్రభుత్వం నిజంగానే దాచింది, దాచింది మాత్రం ఏలియన్ని కాదు. తమాషా ఏంటంటే ఆ తర్వాత 30 ఏళ్ళు రోస్‌వెల్ గురించి ఎవరికీ పట్టలేదు, అప్పట్లో ఆ ముక్కలు ఏరిన మేజర్ జెస్సీ మార్సెల్ రిటైరయ్యాక 1978లో అవి ఈ లోకపువి కావేమో అన్నాకే పుస్తకాలు, శవాల కథలు, టూరిజం అన్నీ పుట్టుకొచ్చాయి. 1997లో ఎయిర్ ఫోర్స్ ఇంకో రిపోర్ట్ ఇచ్చి, జనం చూసిన ఏలియన్ శవాలు పారాచూట్ పరీక్షల్లో కిందికి వదిలిన బొమ్మలు అయ్యుంటాయి అంది, కానీ ఆ పరీక్షలు జరిగింది 1950ల్లో, సంఘటన 1947లో. దీంతో నమ్మనివాళ్ళు కూడా నవ్వారు. దాచి దాచి 47 ఏళ్ళకి నిజం చెప్తే ఎవడు నమ్ముతాడు చెప్పండి?

ఎయిర్ ఫోర్స్ ఎంక్వైరీలు కూడా ఇదే దారిలో నడిచాయి. 1948లో ప్రాజెక్ట్ సైన్, తర్వాత గ్రడ్జ్, 1952 నుంచి బ్లూ బుక్. 1952 జులైలో వాషింగ్టన్ డీసీ మీద వరసగా రెండు వీకెండ్లు రాడార్‌లో చుక్కలు కనిపించి ఫైటర్ జెట్లు కూడా లేచాయి, గాలి పొరల్లో వేడి తేడా వల్ల రాడార్ మోసపోయింది అని ప్రెస్‌మీట్ పెట్టి చెప్పారు. 1953 జనవరిలో సీఐఏ శాస్త్రవేత్తలతో ఒక ప్యానెల్ కూర్చోబెట్టింది, వాళ్ళ భయం ఏలియన్స్ గురించి కాదు, సోవియట్ దాడి జరిగే టైమ్‌కి వేలకొద్దీ సాసర్ రిపోర్టులతో లైన్లన్నీ నిండిపోతే అసలు హెచ్చరిక అందదేమో అని. అందుకే జనానికి ఈ ఆసక్తి తగ్గించేలా మీడియా ద్వారా ప్రచారం చేయండి, యూఎఫ్‌ఓ (ఆకాశంలో కనిపించే, ఏంటో తెలియని వస్తువులు) క్లబ్బుల మీద ఓ కన్నేసి ఉంచండి అని సలహా ఇచ్చారు. ఆ కాగితాలు తర్వాత బయటికొచ్చాక అనుమానం ఉన్నవాళ్ళకి ఇంకేం కావాలి.

1955లో యూ2 గూఢచారి విమానాల పరీక్షలు మొదలయ్యాయి. అవి 60 వేల అడుగుల పైన ఎగిరేవి, ప్యాసింజర్ విమానాలు అందులో మూడో వంతు ఎత్తు దాటని రోజులవి, సాయంత్రం కింద చీకటి పడినా పైన వాటి మీద ఎండ పడి మెరిసేవి. పైలట్లు రిపోర్ట్ చేస్తే, అది యూ2 అని తెలిసినా బ్లూ బుక్ వాళ్ళు బయటికి చెప్పడానికి లేదు. ఆ కాలపు రిపోర్టుల్లో సగానికి పైగా ఇవేనని సీఐఏ తర్వాత రాసుకుంది, మరీ సగమా అని సందేహించేవాళ్ళూ ఉన్నారు.

బ్లూ బుక్‌కి సైన్స్ సలహాదారుగా ఉన్న అలెన్ హైనెక్ కథ ఇంకా ఆసక్తిగా ఉంటుంది. మొదట అన్నీ కొట్టిపారేసేవాడు, 1966లో మిషిగన్‌లో కొన్ని దీపాల్ని చిత్తడి నేల గ్యాస్ అయ్యుంటుంది అనేసరికి దేశమంతా నవ్వింది, తర్వాత్తర్వాత ఆయనే మీరు సరిగ్గా విచారించట్లేదు అని ఎయిర్ ఫోర్స్‌ని విమర్శించే స్థితికి వచ్చాడు. ఈ రిపోర్టుల్ని పరిశీలించిన కొలరాడో యూనివర్సిటీలోని కాండన్ కమిటీ ఇందులో సైన్స్‌కి పనికొచ్చేది పెద్దగా ఏం లేదు అన్నాక 1969 డిసెంబర్‌లో బ్లూ బుక్ మూసేశారు. మొత్తం 12,618 కేసులు, వాటిలో 701 ఏంటో తేలలేదు. ఆ 701 పట్టుకునే ఇప్పటికీ వాదిస్తారు. ఏంటో తేలలేదు అంటే తేలలేదు అనే అర్థం, దాని పక్కన వేరే గ్రహం పేరు రాసుకోడానికి అది ఖాళీ చెక్కు కాదు కదా.

ఈలోగా మొదటి ప్రశ్న వేరే దారిలో పోయింది. 1950లో అమెరికా అణు పరిశోధన కేంద్రం లాస్ అలమోస్‌లో భోజనాల దగ్గర ఫిజిసిస్ట్ ఎన్రికో ఫెర్మీ, వాళ్ళుంటే మరి అందరూ ఎక్కడ అని అడిగాడు. 1959లో కొకోని, మారిసన్ అనే ఇద్దరు ఫిజిసిస్టులు రేడియోలో హైడ్రోజన్ ఫ్రీక్వెన్సీ, అంటే 1420 మెగాహెర్ట్జ్ దగ్గర వినండి అని పేపర్ రాశారు. 1960లో ఫ్రాంక్ డ్రేక్ అనే ఖగోళ శాస్త్రవేత్త అమెరికాలోని గ్రీన్ బ్యాంక్‌లో రెండు నక్షత్రాల వైపు రేడియో టెలిస్కోప్ తిప్పి నిజంగానే విన్నాడు, ఏం రాలేదు. 1967లో కేంబ్రిడ్జ్‌లో జోసెలిన్ బెల్‌కి గడియారంలా కొట్టుకునే సిగ్నల్ దొరికితే సరదాకి చిన్న ఆకుపచ్చ మనుషులు అని పేరు పెట్టారు, అది పల్సార్, అంటే గిరగిరా తిరుగుతూ రేడియో తరంగాలు పంపే నక్షత్రం. 1977 ఆగస్టు 15న ఒహాయోలో 72 సెకన్లు వచ్చిన, వావ్ అని పేరుపడ్డ రేడియో సిగ్నల్ మళ్ళీ రాలేదు. అదే ఏడాది నాసా వ్యోమనౌకలు రెండు వాయేజర్లు 55 భాషల్లో పలకరింపులు మోసుకుని బయల్దేరాయి, అందులో మన తెలుగు కూడా ఉంది.

కానీ సాసర్ల మరక వీళ్ళకీ అంటింది. 1992లో నాసా పెద్ద ఎత్తున రేడియో వెతుకులాట మొదలుపెడితే ఏడాది తిరిగేసరికి అమెరికా కాంగ్రెస్ నిధులు ఆపేసింది, ఆకుపచ్చ మనుషుల వేటకి డబ్బులా అన్న ఎగతాళి ముందు సైంటిస్టుల మాట నిలబడలేదు. 1995లో సూర్యుడి లాంటి నక్షత్రం చుట్టూ మొదటి గ్రహం దొరికాక గానీ గాలి మారలేదు, ఇప్పుడు అలాంటి గ్రహాల లెక్క 6,000 దాటింది. జీవులు ఉండే చాన్స్ పెరిగిందంటే ఒప్పుకోవచ్చు, రావడం మాత్రం ఇంకో సంగతి. సెకనుకి 17 కిలోమీటర్లు పోతున్న వాయేజర్ 1 స్పీడ్‌లో అయితే సూర్యుడి తర్వాత మనకి అతి దగ్గరి నక్షత్రానికి చేరడానికి 75 వేల ఏళ్ళు పడుతుంది.

అయినా రెండు ప్రశ్నల్నీ న్యాయంగా కలిపినవాడు ఒకడున్నాడు. 1975లో మైకేల్ హార్ట్ అనే ఖగోళ శాస్త్రవేత్త ఏమన్నాడంటే, తెలివైన జాతి ఒక్కటి నక్షత్రం నుంచి నక్షత్రానికి పాకినా కొన్ని మిలియన్ల ఏళ్ళలో గెలాక్సీ అంతా నిండిపోవాలి, గెలాక్సీ వయసు ముందు అది చాలా తక్కువ, మరి ఇక్కడ ఎవరూ లేరు కాబట్టి అసలు ఎక్కడా లేరు. అంటే రాలేదన్నదాన్నే లేరనడానికి సాక్ష్యం చేశాడు. దీనికి జవాబులు చాలానే వచ్చాయి, ఒక్కటీ తేలలేదు.

ఇప్పటి రౌండ్ 2017 డిసెంబర్‌లో మొదలైంది, పెంటగాన్, అంటే అమెరికా రక్షణ శాఖ, 2.2 కోట్ల డాలర్లతో ఈ వస్తువుల మీద ఒక ప్రోగ్రామ్ నడిపిందని న్యూయార్క్ టైమ్స్ రాసింది, 2004లో నిమిట్జ్ అనే అమెరికా యుద్ధనౌక పైలట్లు తీసింది సహా కొన్ని వీడియోలు బయటికొచ్చాయి, 2020లో పెంటగాన్ వాటిని అధికారికంగా విడుదల చేసింది. అమెరికా ఇంటెలిజెన్స్ వాళ్ళ 2021 రిపోర్ట్‌లో 144 కేసులు ఉంటే ఏంటో గట్టిగా తేలింది ఒక్కటే, అది గాలి తగ్గుతున్న బెలూన్. 2023 సెప్టెంబర్‌లో నాసా ప్యానెల్ సరైన డేటాయే లేదని అంది, 2024 మార్చిలో ఈ కేసులు చూసే పెంటగాన్ ఆఫీసు పాత రికార్డులన్నీ తిరగేసి గ్రహాంతర టెక్నాలజీకి ఎక్కడా ఆధారం లేదని, దాచిన వాహనాల కథలు చాలావరకు ఒకే చిన్న గుంపు చుట్టూ తిరుగుతున్నాయని రాసింది. పైలట్లు అబద్ధం చెప్తున్నారని నేననను, ఏదో చూశారు, అది ఏంటో చెప్పడానికి కావాల్సిన దూరం, సైజు, స్పీడ్ కొలతలే చాలా కేసుల్లో లేవు.

గ్రష్ కమిటీ ముందుకొచ్చిన 2023 జులైలోనే ఈ రికార్డులు బయటపెట్టాలని సెనేట్‌లో ఒక బిల్లు తెచ్చారు, కెనెడీ హత్య రికార్డుల చట్టం మోడల్‌లో, విచారణ బోర్డుతో సహా. 2023 డిసెంబర్‌లో డిఫెన్స్ చట్టంలో చేర్చేసరికి ఆ బోర్డుని పీకేశారు, నేషనల్ ఆర్కైవ్స్‌లో ఈ రికార్డులన్నీ ఒకచోట చేర్చాలి అన్న భాగం మాత్రం మిగిలింది. డిపార్ట్‌మెంట్లు ఆ కాగితాల్ని అక్కడికి పంపాలి, ఏది ఎంతకాలం ఆపి ఉంచాలన్న నిర్ణయం మాత్రం చాలావరకు వాళ్ళ చేతిలోనే ఉండిపోయింది.